పడవకి ఏ ఫ్యాను వేయాలి? నా తప్పు ఒకటి ఒప్పుకుంటూ



ఎప్పుడూ కొబ్బరి గురించో, ఎలుకల గురించో రాసే వాణ్ణి, ఈసారి పడవ గురించి రాస్తున్నాను. లంకలో చెట్లున్న వాళ్ళకీ, ఏటి అవతల మేత కోసుకునే వాళ్ళకీ ఇది పనికొస్తుంది. పడవతో పనిలేని వాళ్ళు కూడా చివరిదాకా చదవండి. ఇందులో పడవ సంగతి సగమే, మిగతా సగం నా సంగతి.

మాది అల్లవరం. వైనతేయ పాయలో, బోడసకుర్రు వంతెనకి ఎగువన ఒక చిన్న లంకలో మా ఉమ్మడి కుటుంబానికి కొబ్బరి తోట ఉంది. నా వాటా ఎకరం పది సెంట్లు. మా చిన్నాన్న గారి అబ్బాయి వాటా కూడా పక్కనే. దింపు తీసిన కాయ ఒడ్డుకి చేర్చాలన్నా, పశువులకి మేత తేవాలన్నా పడవే దిక్కు. మొదట్లో గెడ వేసుకుని వెళ్ళేవాళ్ళం. 2019లో ఇద్దరం కలిసి సెకండ్ హ్యాండ్‌లో ఒక అవుట్‌బోర్డ్ ఇంజన్ కొన్నాం. పెట్రోలుది, 9.9 హార్స్ పవర్. పడవ వెనక చెక్కకి బిగించి, పిడి పట్టుకుని నడిపేది.

ప్రొపెల్లర్ అంటే మీకు తెలుసు, నీళ్ళలో తిరిగే రెక్కలు. మేం ఫ్యాను అంటాం. ఇక్కడ కూడా అలాగే రాస్తాను.

ఇంజన్‌తో పాటు వచ్చిన ఫ్యాను మూడు రెక్కలది, చిన్నది. దానితో మూడేళ్ళు ఏ ఇబ్బందీ లేదు. కానీ పక్క రేవు వాళ్ళ పడవ మాకంటే ముందు వెళ్ళిపోయేది. వాళ్ళు రెండు ట్రిప్పులు వేసేసరికి మాది ఒకటిన్నర. నాకు అది నచ్చలేదు. 2022 మే నెలలో కొట్టుకి వెళ్ళి "స్పీడు వచ్చే ఫ్యాను ఇవ్వండి" అని అడిగాను. మా పడవ ఎంత బరువు మోస్తుందో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. పిచ్ 11 ఉన్న ఫ్యాను ఇచ్చారు. పాతది పిచ్ 8. ఖాళీ పడవతో తిప్పి చూస్తే నిజంగానే పరిగెత్తింది. మా తమ్ముడు మాత్రం "అన్నయ్యా, ఇంజన్ మోత మారింది చూడు, బరువుగా అంటోంది" అన్నాడు. "కొత్తది కదా, సర్దుకుంటుందిలే" అన్నాను. పాత ఫ్యాను పాకలో మేకుకి తగిలించాను.

ముందు ఈ పిచ్ అంటే ఏంటో చెబుతాను. ఇది తెలియకే నేను మునిగాను.

ఫ్యాను మీద గానీ దాని బొడ్డు మీద గానీ రెండు అంకెలుంటాయి. మా పాతదాని మీద 9¼ × 8 అని ఉంటుంది. మొదటిది వ్యాసం, అంటే రెక్కల కొస తిరిగే చుట్టు వెడల్పు, అంగుళాల్లో. రెండోది పిచ్. చెక్కలోకి స్క్రూ తిప్పితే ఒక్కో చుట్టుకి కొంత లోపలికి దిగుతుంది కదా. అలాగే ఫ్యాను ఒక చుట్టు తిరిగితే నీళ్ళలో ఎన్ని అంగుళాలు ముందుకి పోవాలో అదే పిచ్. నీళ్ళు చెక్కలా గట్టిగా ఉండవు కాబట్టి అంత దూరం పోదు, కొంత జారుడుకి పోతుంది.

లెక్క చూడండి. మా ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే, గేరు వల్ల ఫ్యాను సుమారు 2,400 చుట్లు తిరుగుతుంది. చుట్టుకి 8 అంగుళాలు అంటే నిమిషానికి 1,600 అడుగులు, గంటకి 29 కిలోమీటర్లు. ఇది కాగితం మీద లెక్క. పడవ నిండా కాయ వేస్తే అందులో సగం పైగా జారుడుకే పోతుంది, పది పన్నెండు వస్తే గొప్ప. పిచ్ 11 వేస్తే కాగితం మీద 40 వస్తుంది. నేను ఆ 40 చూసుకుని మురిసిపోయాను. ఇంజన్ ఆ ఫ్యానుని 2,400 చుట్లు తిప్పగలదా అని ఆలోచించలేదు.

మనకి అర్థమయ్యే మాటలో చెప్పాలంటే పిచ్ అంటే ట్రాక్టర్ గేరు. ఖాళీ ట్రాక్టర్ రోడ్డు మీద పెద్ద గేరులో పరిగెత్తుతుంది. దమ్ములో అదే గేరు వేస్తే గుడగుడలాడి ఆగిపోతుంది. చిన్న పిచ్ లాగుడికి, పెద్ద పిచ్ పరుగుకి. పిచ్ ఒక అంగుళం పెంచితే ఇంజన్ చుట్లు 150 నుంచి 200 దాకా పడిపోతాయి. నేను మూడు అంగుళాలు పెంచాను. అంటే ఖాళీ పడవకే ఐదారు వందల చుట్లు పోయాయి. బరువు వేస్తే ఇంకా పోతాయి.

ఇక 2022 జూలై. మన కోనసీమ జిల్లా ఏర్పడిన ఏడాదే. ఆ గోదావరిని మీరెవరూ మర్చిపోలేరు. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు కదా, ఆ ఏడాది 25 లక్షలు దాటింది. 1986 చూసిన పెద్దవాళ్ళు కూడా భయపడ్డారు. పి.గన్నవరం దగ్గర విడిపోయి వచ్చే మన వైనతేయ ఎర్రగా, చెట్లూ దుంగలూ కొట్టుకొస్తూ ఉంది.

లంకలో మా పెద్దమ్మ ఉండేది. వయసు డెబ్భై దాటింది. మనవణ్ణి పక్కన పెట్టుకుని, నాలుగు మేకలతో అక్కడే. ముందు రోజు రమ్మంటే రాలేదు. "86లోనే రాలేదురా, ఇప్పుడెందుకు వస్తాను" అంది. తెల్లారేసరికి వాకిట్లోకి నీళ్ళు. అధికారుల పడవలు కింద ఊళ్ళలో తిరుగుతున్నాయి, మా దగ్గరికి రావడానికి టైం పడుతుందన్నారు. నేనూ తమ్ముడూ బయల్దేరాం. పిడి వాడు పట్టుకున్నాడు. నడపడంలో వాడు నాకంటే మొనగాడు.

వెళ్ళేటప్పుడు ఖాళీ పడవ, వెళ్ళిపోయాం. వచ్చేటప్పుడు పెద్దమ్మ, పిల్లాడు, మేకలు, ట్రంకు పెట్టె, ఆరు బస్తాల దాళ్వా ధాన్యం. "తిండి గింజలు వదిలి రాను" అంది పెద్దమ్మ. ఎక్కించింది నేనే.

పాయ మధ్యకి వచ్చేసరికి ఇంజన్ గొంతు బొంగురుపోయింది. తమ్ముడు పిడి పూర్తిగా తిప్పాడు, అయినా చుట్లు ఎక్కడం లేదు. పడవ ముక్కు ఎగువకే ఉంది, మనుషులం మాత్రం దిగువకి పోతున్నాం. వంతెన స్తంభాలు దగ్గరికొస్తున్నాయి. నీళ్ళు స్తంభానికి కొట్టుకుని లేచే నురగ కనపడింది. 2018లో పశువుల్లంక దగ్గర కడుతున్న వంతెన స్తంభాన్ని కొట్టుకుని పడవ తిరగబడి బడి పిల్లలు పోయిన సంగతి నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది. మా పడవలో పిల్లాడికి తొమ్మిదేళ్ళు. లైఫ్ జాకెట్ ఒక్కటి కూడా లేదండి.

"అన్నయ్యా, బస్తాలు తోసెయ్" అని అరిచాడు తమ్ముడు. ఒకటి, రెండు, మూడు... ఆరూ తోసేశాను. ట్రంకు పెట్టె కూడా. రెండు మేకలు గాభరాకి అవే దూకేశాయి. పడవ తేలికపడగానే ఇంజన్ గొంతు విప్పింది. చుట్లు ఎక్కాయి. స్తంభం పక్కనుంచి ఒక గెడ దూరంలో తప్పుకుని, దిగువన గట్టు పక్కన నీళ్ళు నెమ్మదించిన చోట ఒరిగాం. పెద్దమ్మ పిల్లాణ్ణి వదల్లేదు, మాట్లాడనూ లేదు. ఆ తర్వాత ఆవిడ ఇంతవరకూ పడవ ఎక్కలేదు.

ఊళ్ళో మాట ఎలా పుడుతుందో మీకు తెలుసు. సాయంత్రానికి "ఆ కుర్రాడికి నడపడం చేతకాక మీద మీదకి తెచ్చాడు" అన్నారు. "వరదలో పిడి కుర్రాళ్ళకి ఇస్తారా" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. కాదని అనలేదు. అప్పటికి నాకూ తెలియదు కాబట్టి ఊరుకున్నానని చెప్పుకోవచ్చు. కానీ డిసెంబరులో తెలిసింది.

ఆ డిసెంబరులో ఓడలరేవు వైపు ఒక మెకానిక్ దగ్గరికి ఇంజన్ తీసుకెళ్ళాను. ఆయన ప్లగ్గు తీగకి చుట్టే చిన్న చుట్ల మీటరు తగిలించి, పడవలో ఇసుక బస్తాలు వేయించి తిప్పించాడు. పిచ్ 11తో ఫుల్లుగా ఇస్తే 3,800 దగ్గర ఆగిపోయింది. పాత ఫ్యాను వేస్తే అదే బరువుకి 5,100. ఇంజన్ పుస్తకంలో 5,000 నుంచి 6,000 మధ్య తిరగాలని ఉంది. ఆయన రెండు ఫ్యాన్లూ పక్కపక్కన పెట్టి "ఇది ఖాళీ పడవ ఫ్యాను. దీంతో వరదలోకి వెళ్ళారా?" అన్నాడు. నేను తల ఊపాను. ఇంటికొచ్చి పాత ఫ్యాను బిగించేశాను. ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి కూడా.

వాడు 2023లో మస్కట్ వెళ్ళిపోయాడు. అప్పులు ఒక కారణం. రేవులో కనపడ్డప్పుడల్లా "సరంగు గారూ" అని ఎగతాళి చేసేవాళ్ళు, అదొక కారణం. నాకు తెలుసు.

మొన్న ఫోన్‌లో చెప్పేశాను. "ఒరేయ్, ఆ రోజు తప్పు నీది కాదు, నా ఫ్యానుది" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "తెలుసు అన్నయ్యా. ఆ రోజే తెలుసు. నువ్వు ఎప్పుడంటావా అని చూశాను" అన్నాడు. ఇక ఏం చెప్పను. అందుకే ఇది నలుగురూ చదివే చోట రాస్తున్నాను. మా ఊరి వాళ్ళు కూడా ఈ పేజీ చూస్తారు. ఆ రోజు మమ్మల్ని గట్టు ఎక్కించింది వాడి చెయ్యి. స్తంభం మీదకి తీసుకెళ్ళింది నా ఎంపిక.

ఇప్పుడు పనికొచ్చే మాటలు. వరద రాకముందే చూసుకోండి.

ఫ్యాను ఎంచుకునేటప్పుడు ఖాళీ పడవతో చూడకండి. మీరు మామూలుగా వేసే బరువు వేసి, ఫుల్లుగా ఇచ్చి, చుట్లు ఎంత వస్తున్నాయో చూడండి. మీ ఇంజన్ పుస్తకంలో ఇచ్చిన హద్దులోకి రావాలి. తక్కువ వస్తే పిచ్ తగ్గించాలి. హద్దు దాటి పైకి పోతే పిచ్ పెంచాలి. చుట్లు అందని ఇంజన్‌ని రోజూ ఫుల్లుగా లాగితే అది లోపల వేడెక్కి అరిగిపోతుంది, పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది. బరువులకీ పరుగుకీ రెండూ కావాలంటే రెండు ఫ్యాన్లు ఉంచుకోవడమే మార్గం. ఒక్కటే కొనగలిగితే బరువుదే కొనండి.

నాలుగు రెక్కలది నీటిని బాగా పట్టుకుంటుంది, వణుకు తక్కువ, పరుగు కొంచెం తగ్గుతుంది. మన పనికి మూడు రెక్కలది చాలు. అల్యూమినియంది చవక, దుంగకి తగిలితే వంగుతుంది, ఆ వంగడం వల్ల లోపలి గేరు బతుకుతుంది. స్టీలుది వంగదు, ఆ దెబ్బ లోపలికి పోతుంది.

ఇంజన్ ఎత్తు కూడా చూడండి. ఫ్యాను పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది. అది పడవ అడుగుతో సమానంగా గానీ, ఒక అంగుళం కిందకి గానీ ఉండాలి. మన నాటు పడవలకి వెనక చెక్క ఎత్తు. ఫ్యాను పైకి ఉంటే గాలి లాక్కుంటుంది, ఇంజన్ గీ మని తిరుగుతుంది గానీ పడవ కదలదు.

ఇక కాపాడుకోవడం. కొన్ని చిన్న ఇంజన్లలో ఫ్యానుకి షియర్ పిన్ను ఉంటుంది. దుంగ తగిలితే ముందు అది విరగాలి, విరగడమే దాని పని. విరిగిందని మేకు కొట్టకండి. నేను చూశాను, వంద రూపాయల పిన్ను బదులు మేకు కొట్టి గేరు మొత్తం పోగొట్టుకున్న వాళ్ళున్నారు. మిగతా ఇంజన్లలో ఫ్యాను బొడ్డు లోపల రబ్బరు బుష్ ఉంటుంది. ఇంజన్ చుట్లు ఎక్కుతున్నా పడవ లాగడం లేదంటే ఆ రబ్బరు జారుతోందేమో చూడండి. బొడ్డు మీదా లోపలా కలిపి సుద్దతో ఒక గీత గీసి, నడిపి వచ్చి చూస్తే గీత తప్పి ఉంటుంది.

నెలకోసారి ఫ్యాను ఊడదీయండి. షాఫ్టుకి వల దారం, నైలాన్ తాడు, గుర్రపుడెక్క వేర్లు చుట్టుకుని ఉంటాయి. దారం లోపలికి పోయి సీలు కోసేస్తుంది. అప్పుడు గేరు ఆయిల్లోకి నీళ్ళు దిగుతాయి. ఆయిల్ తీసి చూస్తే మజ్జిగలా తెల్లగా ఉంటే సీలు పోయినట్టే. ఊడదీసిన షాఫ్టుకి నీళ్ళకి ఆగే గ్రీజు రాసి బిగించండి, లేకపోతే ఉప్పుకి పట్టేసి తర్వాత సుత్తితో కూడా రాదు. నట్టుకి పెట్టే స్ప్లిట్ పిన్ను ప్రతిసారీ కొత్తది వేయండి.

రెక్క అంచుకి చిన్న నొక్కు పడితే ఆకురాయితో నున్నగా చేసుకోవచ్చు. కానీ మూడు రెక్కలూ ఒక్కలా ఉండాలి. ఒకటి వంగితే పిడి చేతిలో వణుకుతుంది. ఆ వణుకు ఊరుకోదు, బేరింగులు తినేస్తుంది.

వేసవిలో మన పాయలోకి పోటుతో ఉప్పు నీరు ఎక్కుతుంది. ఇంజన్ కింద బిగించిన చిన్న లోహపు ముక్క ఉంటుంది, దాన్ని ఆనోడ్ అంటారు. ఉప్పు తినే తుప్పుని ఆ ముక్క తన మీద వేసుకుని మిగతా లోహాన్ని కాపాడుతుంది. దాని మీద రంగు వేయకండి. సగం అరిగితే మార్చండి. సముద్రపు నీటికి జింకుది, మంచినీటికి మెగ్నీషియంది, మన లాంటి ఉప్పూ తీపీ కలిసే నీటికి అల్యూమినియంది మంచిది.

అన్నిటికంటే ముఖ్యం, గుర్రపుడెక్క చుట్టుకుందని ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి చెయ్యి పెట్టకండి. ఇంజన్ ఆపి, ఎర్ర తాడు లాగి, అప్పుడే ముట్టుకోండి. పడవలో ఒక డబ్బా ఉంచుకోండి. పాత ఫ్యాను, రెండు పిన్నులు, స్పానరు, పట్టకారు, టార్చి లైటు. మా పాత ఫ్యాను ఆ రోజు పాకలో మేకుకి కాకుండా పడవలో ఉండి ఉంటే, లంకలోనే పది నిమిషాల్లో మార్చుకుని బయల్దేరేవాళ్ళం.

చివరగా ఒక సంగతి. ఈ ఫ్యానుని ఇంగ్లండులో పేటెంటు చేసి ఓడలకి ఎక్కించిన వాళ్ళలో ఒకరు ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్. ఆయన కూడా రైతేనండి, పశువులు మేపుకునే రైతు. తన పొలం చెరువులో బొమ్మ పడవతో పరీక్షలు చేసి 1836లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన మొదట చేసింది పొడుగు చెక్క మర, రెండు చుట్లు తిరిగినది. 1837లో లండన్ దగ్గర కాలవలో నడుపుతుంటే ఏదో తగిలి సగం విరిగిపోయింది. పడవ ఆగిపోతుందనుకుంటే ఇంకా జోరుగా పరిగెత్తింది. ఎక్కువ ఉంటే ఎక్కువ లాగుతుందని ఆయనా అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. ఆయన మర విరగ్గానే కళ్ళు తెరిచి, పొట్టి మరతో పని చేశాడు. నాకు మీటరు చూపించాక కూడా నోరు తెరవడానికి ఏళ్ళు పట్టింది.

తమ్ముడు సంక్రాంతికి వస్తానన్నాడు. వచ్చాక పిడి వాడికే ఇస్తాను. లైఫ్ జాకెట్లు ఐదు కొని ఉంచాను. పెద్దమ్మని ఎక్కమని అడుగుతాను, ఎక్కకపోయినా ఏమీ అనను.

మీ పడవకి ఏ ఫ్యాను ఉంది, బరువు వేస్తే ఎన్ని చుట్లు వస్తున్నాయి, కింద రాయండి. తెలియకపోతే ఈ వారమే చూసుకోండి. గోదావరి మనకోసం ఆగదు.

ఉంటానండి.